ఇసుక దిబ్బ మీద ఏడు వింతలు

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను పలకరించడానికి వస్తుంటారు. కుర్చీలో సర్దుకొని కూర్చోగానే, "సార్, మీ సర్వీసులో మీరు చేసిన పెద్ద పని ఏమిటి?" అని అడుగుతారు. ఏ వరదలోనో ఏ కరువులోనో నేను చూపిన ప్రతాపం చెబుతానని వాళ్ల ఆశ. నేను మాత్రం, "గోదావరి నడుమ ఒక ఇసుక దిబ్బ మీద ఏడు చూడదగిన స్థలాలు కనిపెట్టాను. ఒక్కటి కూడా అక్కడ లేదు" అంటాను. ముసలాయనకు మతి తప్పుతోందని వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకొని, చాయ్ తాగి వెళ్లిపోతారు. వాళ్లు ఆగి వినని ఆ కథను ఇక్కడ రాస్తున్నాను. కాగితానికి లేచి వెళ్లిపోయే వీలు లేదు కదా.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఇంకా రెండేళ్లు కాలేదు. కరీంనగర్‌లో ఒక చిన్న ఆఫీసులో నేను తాత్కాలిక గుమాస్తాను. మా బాపు మగ్గం నేసేవాడు. మా ఇంట్లో కుర్చీలో కూర్చొని చేసే పని దొరికినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. బడిలో చదివింది ఉర్దూలో, ఇంట్లో నేర్చుకున్నది తెలుగు. పాత ఫైళ్లన్నీ ఉర్దూలో, కొత్త ఉత్తర్వులన్నీ తెలుగు, ఇంగ్లీషుల్లో ఉండే రోజులవి. రెండువైపులా చదవగలిగినవాడిని కనుక నన్ను ఉంచుకున్నారు. ఉంచుకున్నారే గానీ పర్మనెంటు చేయలేదు. "నౌకరి పక్కా అయిందా బిడ్డా?" అని బాపు ప్రతి పండక్కీ అడిగేవాడు. నేను ప్రతి పండక్కీ "అయితది బాపూ" అనేవాణ్ణి.

మా ఆఫీసరుగారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవారు. మంచి మనిషి. ఎవరి మీదా అరిచేవారు కారు. ఆయనకు ఈ లోకంలో ఒక్కదానికే భయం, ఖాళీ గడి. పైకి పంపే నమూనా కాగితంలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆయనకు అన్నం సహించేది కాదు. "ఖాళీ ఉంచితే మనం పని చేయలేదనుకుంటారయ్యా. ఏదో ఒకటి నింపు" అనేవారు. మేం నింపేవాళ్లం. అట్లా నింపి నింపి, చివరికి ఆయన వానలెక్కల గడిలో కూడా వాన పడని రోజున "ఆకాశము మేఘావృతము" అని రాయించేవారు.

జిల్లాలోని చూడదగిన స్థలాలన్నిటినీ చేర్చి ఒక పుస్తకం వేయాలని ఆ ఏడు పైనుంచి ఉత్తరం వచ్చింది. ధర్మపురి వంటివాటిని ఆయన తన కోసం ఉంచుకున్నారు. గుళ్లో ప్రసాదం కూడా దొరుకుతుంది కదా. నాకు మిగిలింది పటంలో గోదావరి నడుమ చుక్కలు చుక్కలుగా గీసిన ఒక ఇసుక దిబ్బ.

"ఇది ఎవరి జిల్లా సార్?" అన్నాను. గోదావరికి ఇవతల కరీంనగర్ జిల్లా, అవతల ఆదిలాబాద్ జిల్లా.

"అదేనయ్యా నా కంగారు. ఆదిలాబాద్ వాళ్లు రాసుకోకముందే మనం రాసేసుకోవాలి. వెళ్లి రా. గడులన్నీ నిండాలి" అన్నారు.

నమూనా కాగితం పొడుగ్గా ఉండేది. ప్రకృతి విశేషాలు ఒకవైపు, చారిత్రక విశేషాలు ఒకవైపు. కొండలు, ఊటలు, మృగాలు, కోటలు, గుళ్లు, సొరంగాలు, శాసనాలు, ఏలిన రాజు పేరు. అన్నిటికంటే కింద, "సందర్శకులకు గల అసౌకర్యములు" అని ఒక గడి. ఈ చివరి గడిని గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది అదే.

ఆఫీసు జీపు డ్రైవరు నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడు. కరీంనగర్‌లోనే పుట్టి పెరిగిన ముస్లిం. నేను చాచా అనేవాణ్ణి. నైజాం కాలంలో గిర్దావర్ల బండ్లు తోలినవాడు. గిర్దావర్ అంటే ఊరూరా తిరిగి భూముల లెక్క చూసే అధికారి. ఆ రోజుల్లో ఆయన ఊళ్లోకి వస్తున్నాడంటే కోళ్లు కూడా దాక్కునేవని చాచా చెప్పేవాడు. చాచా మాట తక్కువ, మూతి బిగింపు ఎక్కువ. అవసరమైన సంగతి అవసరం తీరిన తర్వాత చెప్పడం ఆయన అలవాటు.

ధర్మపురి దాటి, నది ఒడ్డున జీపు ఆపి, పడవ ఎక్కి దిబ్బ మీదికి చేరాం. మాఘమాసం ఎండ. పొడుగ్గా పడుకున్న తెల్లటి ఇసుక, దాని మీద వరసలు వరసలుగా గుంతలు, గుంత గుంతలో రెండేసి ఆకుల పాదులు. చేపలు పట్టి బతికే ఐదు కుటుంబాలు అక్కడ గుడిసెలు వేసుకొని ఉన్నాయి. నీళ్లు తగ్గి దిబ్బ బయటపడగానే వాళ్లు ఒడ్డు నుంచి వస్తారు. తడి తగిలేదాకా ఇసుక తవ్వి, ఒడ్డు నుంచి పడవల్లో పశువుల పెంట తెచ్చి గుంతల్లో వేసి, పుచ్చ, దోస, కర్బూజ గింజలు పెడతారు. వానాకాలం నది పెరిగేలోగా కాయలు అమ్ముకొని వెళ్లిపోతారు. ఏ ఇంటికి ఎంత ఇసుక అన్నది ఒక ముసలావిడ తన అడుగులతో కొలిచి చెబుతుంది. ఆమె కొలిచిన తర్వాత ఇంక కొట్లాట ఉండదు. మమ్మల్ని పడవలో దాటించింది ఆమె కొడుకే.

ఆమె నన్ను చూడగానే చేతిలో కడవ కింద పెట్టి నిలబడింది. నా ఒంటి మీద ఇస్త్రీ చొక్కా, చేతిలో అట్టకు బిగించిన కాగితం. ఆ రెండూ చాలు అప్పట్లో.

"అవ్వా, గీడ పాత కోట ఏమన్న ఉన్నదా?" అన్నాను.

"ఉన్నది దొరా" అన్నది.

నా గుండె ఎగిరి గంతేసింది. మొదటి ప్రశ్నకే కోట! "ఎటు దిక్కు?"

"గటే దొరా" అని గడ్డంతో చూపింది. అటు చూస్తే ఇసుక కుప్ప కనిపించింది. 'శిథిలావస్థలో కలదు' అని రాసుకున్నాను.

"ఎవరు కట్టించిన్రు?"

"రాజు దొరా."

"ఏ రాజు?"

"పాత రాజే దొరా."

"సొరంగం ఉన్నదా?"

"ఉన్నది దొరా."

"ఎందాక పోతది?"

"పోయినంత దూరం పోతది దొరా."

ఉడుకు నీళ్ల ఊట ఉన్నది. ఎండకాలం అందులో కాలు పెడితే కాలుతుంది కూడానట. గుడి ఉన్నది. రాణి స్నానమాడిన రేవు ఉన్నది. రాజు గుర్రాన్ని కట్టేసిన చోటు ఉన్నది. నా పెన్ను ఆగడం లేదు. మొసళ్ల మడుగు గురించి అడిగినప్పుడు మాత్రం ఆమె కొంచెం తటపటాయించి, కొడుకు వైపు చూసి, "ఎన్ని రాసుకుంటరు దొరా?" అన్నది. చాచాకు తింటున్న జామకాయ పొలమారి దగ్గు వచ్చింది. గింజ అడ్డం పడిందనుకున్నాను.

మొత్తం ఏడు స్థలాలు లెక్క తేలాయి. ఒక్కటన్నా కళ్లతో చూసి వద్దామా అని అడిగే తెలివి మీకు ఉంటుంది, నాకు లేకపోయింది. ఎండ మండుతోంది, గడులు నిండాయి. చివరి గడి ఒక్కటే మిగిలింది. అసౌకర్యములు. చుట్టూ చూశాను. "పుచ్చపాదులు, గుడిసెలు, పెంట వాసన" అని రాసి, దస్తూరి బాగా కుదిరిందని కూడా సంతోషించాను.

కరీంనగర్ వచ్చి ఆ ఏడింటిని నాలుగు పేజీల వ్యాసం చేశాను. గోదావరీమాత ఒడిలో చరిత్ర నిదురిస్తున్నదని మొదలుపెట్టాను. సొరంగాన్ని ధర్మపురి దాకా పొడిగించాను. రాణికి చెలికత్తెలను నేనే నియమించాను. ఆఫీసరుగారు చదివి కళ్లజోడు తీసి తుడుచుకొని, "రాయడమంటే ఇదయ్యా. నీ పర్మనెంటు సంగతి నేను చూసుకుంటాను" అన్నారు. ఆ రాత్రే బాపుకు ఉత్తరం రాశాను.

నెల తిరిగేసరికి హైదరాబాదు నుంచి జవాబు వచ్చింది. ఒక పెద్ద అధికారి నా వ్యాసం చదివారు. స్వయంగా దిబ్బను చూడటానికి ఉగాది దాటాక వస్తున్నారు. అక్కడ ఒక విశ్రాంతి మంటపం, మెట్లు కట్టించే ఆలోచన ఉన్నది. ఇంత దాకా చదివి ఆఫీసరుగారు నా భుజం తట్టారు. ఇంకో వాక్యం మిగిలి ఉంది. "సందర్శకులకు అసౌకర్యముగా నున్నవని నివేదికయందు పేర్కొనబడిన పుచ్చపాదులను, గుడిసెలను సందర్శనకు ముందే తొలగింపవలెను."

ఆ ఉత్తర్వుకు సాఫు ప్రతి రాసింది నేనే. ఖాళీ గడి నింపడానికి రాసిన నాలుగు మాటలు తిరిగి వచ్చి నా బల్ల మీద కూర్చున్నాయి. కానీ పర్మనెంటు అన్న మాట ఇంకా చెవుల్లో మోగుతోంది. సిరా ఆరనిచ్చి మడతపెట్టాను.

ఏడు స్థలాల దగ్గర నాటడానికి ఏడు చెక్క బోర్డులు రంగు వేయించి, నోటీసు జేబులో పెట్టుకొని మళ్లీ చాచాతో బయలుదేరాను. ఇప్పుడు దిబ్బ పచ్చగా ఉంది. తీగలు ఇసుక కనబడకుండా పాకాయి. ఎక్కువ కాయలు పిడికెడంత ఉన్నాయి, ముందు పెట్టిన గుంతల్లో మాత్రం కొన్ని తయారయ్యాయి. అవ్వ లేచి నిలబడింది.

మొదట నోటీసు చదివి వినిపించాను. సర్కారు భాష కదా, ఆమెకు అర్థం కాలేదు. "పది రోజులల్ల పాదులన్ని పీకెయ్యాలె అవ్వా. గుడిసెలు తియ్యాలె" అని చెప్పాను.

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందేమోనని రెండడుగులు వెనక్కి కూడా వేశాను. ఆమె ఒక్కసారి తీగల వైపు చూసి, "అట్లనే దొరా" అన్నది. కోట ఉన్నదా అన్నప్పుడు ఎట్లా అన్నదో అచ్చం అట్లాగే. తర్వాత కోడలి వైపు తిరిగి, "కాయ ముదరకపాయె. ఎల్లుండి సంది పీకుదాం తియ్" అన్నది. ఐదు ఇండ్ల వాళ్లకు వానలు పడేదాకా తిండి ఆ తీగలే. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకు ఇంకా బాగా తెలుసు.

బోర్డులు చూపించి, "కోట కాడ ఇది నాటాలె. కోట ఏది?" అన్నాను.

"ఉన్నది దొరా."

"ఉన్నది గని, యాడ?"

"మీరు యాడంటే గాడ దొరా."

సొరంగం కూడా నేను ఎక్కడంటే అక్కడే ఉందట. అప్పుడు, నా పిల్లలారా, నాకు మొదటిసారి చెమట పట్టింది. చాచా వైపు చూశాను. ఆయన బీడీ వెలిగించుకొని తాపీగా చెప్పాడు.

"సారూ, మీకు ఇంక సమజ్ కాలేదా? గిర్దావర్ సాబ్ ముంగట లేదన్నోని వీపు నేను చూసిన. గడ్డి ఉన్నదా అంటే ఉన్నది, కోడి ఉన్నదా అంటే ఉన్నది. ఉన్నదంటే రాసుకొని పోతరు. లేదంటే కూసుంటరు. గీళ్లకు గదే అలవాటు. చొక్కా మారింది గని, గీళ్లకేం తెల్సు?"

"మరి నాడే చెప్పొద్దా చాచా?"

"మీరు నన్ను అడుగలే గద. అడిగితే నేను గూడ ఉన్నదనేటోన్నే."

ఇసుకలో కూలబడబోయాను. "ఆగు ఆగు! గాడ కూసోకు!" అని అవ్వ కేకవేసింది. అంతవరకు ఆమె గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. చూస్తే, నేను కూర్చోబోయిన చోట ఇసుకలో పళ్లెమంత గుంట, అందులో మూడు గుడ్లు. ఇసుక రంగు మీద మచ్చలు. పక్కకు చూస్తే ఇంకో గుంట, దాని వెనక ఇంకోటి. పసుపు ముక్కుల నీటి పిట్టలు మా నెత్తి మీద గిరగిర తిరుగుతూ అరుస్తున్నాయి. దిబ్బ ఆ కొస అంతా వాటిదేనట. పాదులు అక్కడిదాకా పెట్టరట. తాబేళ్లు పైకెక్కి గుడ్లు పెట్టే చోటు ఇంకోవైపు ఉందట. ఆ వైపు కడవ ముంచడానికి కూడా పోరట. ఇదంతా ఆమె నాకు విశేషంగా చెప్పలేదు. ఎక్కడ కాలు పెట్టకూడదో చెప్పింది, అంతే.

ఎండకు నా మొహం చూసి జాలిపడి గుడిసె నీడకు తీసుకుపోయింది. గుడిసె పక్కన ఇసుకలో నడుము దాకా కూరుకుపోయిన నల్లటి రాయి. దాని మీద కత్తి ఎత్తిన మనిషి, పక్కన చిన్న గుర్రం, కింద అరిగిపోయిన అక్షరాలు రెండు వరసలు. నాకు అక్షరాలు తెలియలేదు గానీ పాతవని తెలిసింది. పోరులో చనిపోయిన వీరుడికి వేసిన రాయి. దాని ముందు ఒక పిందె పెట్టి ఉంది.

"గిదేంది అవ్వా?"

"మా తాత. కొన్నేండ్లు కనవడ్తడు, కొన్నేండ్లు ఇసుకల పండుకుంటడు. గీసారి లేసిండు. మొదటి కాయ గీనకే."

"నాడు నేను అన్ని అడిగితే గిది ఎందుకు చెప్పలే?"

ఆమె నన్ను చిత్రంగా చూసింది. "మీరు రాజు నడిగిన్రు, కోట నడిగిన్రు. గీన రాజు గాదు గద. మనోడు."

నా చేయి దానంతట అదే జేబులోని పెన్ను మీదికి పోయింది. నమూనాలో 'శాసనాలు' అన్న గడి ఉంది. అది నిజంగా నిండితే నా ఏడు అబద్ధాలను ఈ ఒక్క నిజం కాపాడుతుంది. పెద్దాయన వస్తారు, రాయిని చూసి మురిసిపోతారు, నేను పర్మనెంటు అవుతాను, బాపు ఊరంతా చెప్పుకుంటాడు. దిబ్బ మీద కంచె పడుతుంది. పాదులు ఈ ఒక్క ఏడే కాదు, ఇంక ఎప్పటికీ ఉండవు. ఆ పెన్ను మీద చేయి అట్లా ఎంతసేపు పెట్టుకున్నానో గుర్తులేదు. అవ్వ తెచ్చిన నీళ్ల చెంబు అందుకోవడానికి తీశాను. మళ్లీ పెట్టలేదు.

"నేను చెప్పేదాక పాదులు పీకకు అవ్వా" అన్నాను.

"అట్లనే దొరా" అన్నది. ఆమె దగ్గర ఇప్పుడు రెండు 'అట్లనే'లు ఉన్నాయి. ఏది నిలబెట్టుకుంటుందో తెలియక పడవ ఎక్కాను.

ఇంత జ్ఞానోదయం అయ్యాక ఆఫీసుకు వచ్చి ఏం చేశాననుకున్నారు? "బోర్డులు నాటావా?" అన్నారు ఆఫీసరుగారు. "నాటాను సార్." "పాదులు తీశారా?" "తీస్తున్నారు సార్." చాచా గుమ్మం దగ్గర నిలబడి మీసం దువ్వుకున్నాడు. అవ్వను వెక్కిరించడానికి నాకు ఏ హక్కూ లేదని ఆయన చూపులో ఉంది. ఆ వారం నేను సరిగ్గా తిన్నది లేదు.

పెద్దాయన వచ్చిన రోజు ఎండ తీవ్రంగా ఉంది. నెరిసిన మీసాలు, చేతికర్ర. పాత హైదరాబాదు రాజ్యంలోనే కొలువు మొదలుపెట్టినవారు. పడవ దిబ్బకు ఆనగానే ఆఫీసరుగారి ముఖం పాలిపోయింది. బోర్డులు లేవు. పాదులు మాత్రం ఉన్నచోటే పచ్చగా ఉన్నాయి. అవ్వ రెండో 'అట్లనే'నే నిలబెట్టుకుంది.

గుడిసె నీడలో ఒక గోనెపట్ట పరిచి, దాని మీద పుచ్చకాయ కోసి ముక్కలు పెట్టి ఉంచింది. పట్ట కింద ఎత్తుగా ఏముందో చూడగానే నాకు తెలిసిపోయింది. తాత నెత్తి మీదే ఫలహారం ఏర్పాటు చేసింది. చుట్టూ ఇసుక తోసి బల్లలాగా సర్దింది.

పెద్దాయన ఒక ముక్క అందుకొని, "మంచిగున్నది. కోట ఏది?" అన్నారు.

ఆఫీసరుగారు నా వైపు చూశారు. నేను చాచా వైపు చూశాను. చాచా ఆకాశం వైపు చూశాడు. ఇంక ఎటూ చూడటానికి మిగల్లేదు.

"లేదు సార్" అన్నాను.

"శిథిలావస్థలో ఉందని రాశావు కదయ్యా!" అన్నారు ఆఫీసరుగారు.

"ఆ అవస్థలో కూడా లేదు సార్. ఏడింటిలో ఏదీ లేదు. నేను చూడలేదు. అడిగి రాశాను."

ఆఫీసరుగారు నమ్మలేదు. అవ్వ వైపు తిరిగి, "ఏమ్మా, ఇక్కడ కోట ఉందా?" అన్నారు.

"ఉన్నది దొరా."

"చూశారా సార్! ఉందంటోంది. వీడే ఎండకు తట్టుకోలేక..."

"సార్, నన్ను ఒక్క మాట అడగనియ్యండి" అన్నాను. పెద్దాయన తలూపారు.

"అవ్వా, గీడ రైలు టేషన్ ఉన్నదా?"

"ఉన్నది దొరా."

"విమానాలు దిగుతయా?"

"దిగుతయి దొరా."

"చార్మినార్ ఉన్నదా?"

ఆమె నన్ను చూసింది, పెద్దాయన మీసాలు చూసింది. "ఉన్నది దొరా. గని చిన్నది" అన్నది.

పెద్దాయన పడీపడీ నవ్వారు. కర్ర చేజారి ఇసుకలో పడింది. చాచా కూడా నవ్వాడు. ఆఫీసరుగారు కూడా కాసేపాగి, ఆజ్ఞ అయిందనుకొని నవ్వారు. ఆ నవ్వు మెల్లగా తగ్గిపోయి, పెద్దాయన ముఖంలో ఇంకేదో వచ్చింది. చేతిలోని ముక్కను చూస్తూ, తనలో తాను అనుకున్నట్టు అన్నారు.

"నేను తహసీల్‌దారుగ మస్తు ఊర్లు తిరిగిన. ఊర్లె బాయి ఉన్నదా అని అడిగిన. ఉన్నదన్నరు. ఎవలకన్న తక్లీఫ్ ఉన్నదా, అందరు సుఖంగున్నరా అని అడిగిన. సుఖంగున్నమన్నరు. రాసుకొని పోయిన. గవన్ని ఇంక దఫ్తర్ల కాయితాలల్ల ఉన్నయి."

ఆయన ఆ చివరి ముక్క తిని, చేతులు గోనెపట్టకే తుడుచుకొని, నా కళ్లలోకి చూసి అడిగారు.

"నువ్వన్న సచ్ చెప్పు. గీ దిబ్బ మీద పాతది, చరిత్రది, ఏమన్న ఉన్నదా?"

తాత మాకు జానెడు దూరంలో ఉన్నాడు. అవ్వ నా నోటి వైపు చూస్తోంది.

"లేదు సార్" అన్నాను. ఉన్నాయని అన్నీ అబద్ధాలు రాసినవాడిని, లేదని కూడా అబద్ధమే ఆడాను. నా జీవితంలో అంత తడుముకోకుండా ఆడిన అబద్ధం మరొకటి లేదు. చరిత్ర చదువుకున్న పిల్లలెవరైనా దీన్ని చదివి నన్ను తిట్టుకుంటే, తిట్టుకోండి. మీ తిట్టు న్యాయమే.

పాదులు తీయాలన్న ఉత్తర్వు అక్కడికక్కడే రద్దయింది. మంటపం, మెట్లు అటకెక్కాయి. వారం తర్వాత ఆఫీసరుగారు నా సర్వీసు కాగితంలో "పరిశీలనాశక్తి తక్కువ" అని రాసి, నన్ను ఆదిలాబాద్ జిల్లాకు పంపించారు. ఆ రోజుల్లో అడవులకు పంపడమంటే అదే. పర్మనెంటు ఇంకో మూడేళ్లు వెనక్కి జరిగింది. "అయిందా బిడ్డా?" అన్న బాపుకు ఈసారి "కాలే బాపూ. తప్పు నాదే" అని చెప్పాను. ఆయన కాసేపు మగ్గం ఆపి, "నిజమన్న చెప్పినవ్" అని మళ్లీ నేసుకున్నాడు. పరిశీలనాశక్తి గురించి ఆఫీసరుగారు రాసింది నిజమే కనుక నాకు కోపం రాలేదు. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా అడిగినదాన్ని కళ్లతో చూసేదాకా గడి నింపలేదు. నా ఫైళ్లు ఖాళీ గడులతో పోయేవి, తిరిగొచ్చేవి, మళ్లీ పోయేవి. నా తర్వాతి ఆఫీసర్లంతా నాతో చాలా పరేషాన్ అయ్యారు.

మరుసటి ఎండకాలం ఆదిలాబాద్ ఒడ్డున ఏదో పని పడితే, ఆగలేక అవతలి వైపు నుంచే నది దాటాను. నీళ్లు మోకాళ్ల దాకే ఉన్నాయి. దిబ్బ ఆకారం మారింది. గుడిసెలు వేరే చోట ఉన్నాయి. రాయి కనబడలేదు, ఇసుకలో పడుకున్నట్టుంది. ఇస్త్రీ చొక్కా ఆదిలాబాద్ తిరుగుళ్లలో ఎప్పుడో పోయింది. చేతిలో కాగితం లేదు. అవ్వ కడవతో పాదులకు నీళ్లు పోస్తోంది. నన్ను చూసి లేచి నిలబడలేదు, నీళ్లు పోయడం ఆపలేదు.

"పంట మంచిగున్నదా అవ్వా?" అన్నాను. పలకరింపుకే అడిగాను. ఏం జవాబు వస్తుందో నాకు తెలుసనుకున్నాను.

"యాడిది బిడ్డా! లేదు. గీసారి ఏం మంచిగ లేదు" అన్నది.

నేను అక్కడే ఇసుకలో కూర్చున్నాను, ఈసారి గుడ్లు లేవని చూసుకొనే. ఆమె చెబుతూనే పోయింది. నీళ్లు ఆలస్యంగా తగ్గాయి, గింజ సరిగ్గా మొలవలేదు, సగం పాదులకు పురుగు పట్టింది, కోడలు మాట వినదు, కొడుకు పడవకు చిల్లు పడింది, అవతలి ఒడ్డు బేరగాడు కాయను తట్టి చూసి పచ్చిదంటాడు. బాగాలేదు, రాలేదు, లేదు, కాలేదు. ఎండ తల మీదికి వచ్చేదాకా వింటూ కూర్చున్నాను. అంతసేపు ఆమె నోట ఒక్కసారి కూడా దొరా అన్న మాట రాలేదు.